దోబ్రా పేరున

సంకటిని దారంతో కోయడం మా ఊళ్లో అందరికీ ఉన్నదే. కత్తి పెడితే పాపమంటారు కొందరు, కత్తికి అంటుకుపోతుందంటారు కొందరు. కానీ కోసిన తర్వాత ఆ దారాన్ని పెదాల మధ్య నుంచి లాగి, అంటిన మొక్కజొన్న రవ్వను కూడా పోనివ్వని మనిషి సఫ్తా ఒక్కతే. లాగాక దారాన్ని వేలికి చుట్టి గోడ మేకుకు తగిలిస్తుంది. ఒక్క దారం ఈస్టర్ నుంచి క్రిస్మస్ దాకా వస్తుంది.

ఆ మంగళవారం పొద్దున ఆమె సంకటిని ఆరు ముక్కలు చేసింది. తనకు రెండు, ఆడపడుచు దోబ్రాకు రెండు. మిగిలిన రెండూ రేపటికి, పొయ్యి రేకు మీద కాల్చుకోవడానికి. పొయ్యి మీద చిక్కుడుగింజల చారు ఉడుకుతోంది. గింజలు నిన్ననే అయిపోయాయి. ఇవాళ ఆ నీళ్లలోనే ఎండబెట్టిన దురదాకు నలిపి వేసి, తవుడు పులిసిన పుల్లనీళ్లు గరిటెడు పోసింది. పందికొవ్వు జాడీ మూత తీసి, కత్తి మొనతో గోరంత గీరి చారులోకి విదిలించింది. కొవ్వు చారులో కనబడాల్సిన పనిలేదు, వాసన తగిలితే చాలన్నది ఆమె పద్ధతి. గుడ్డు కొడితే పెంకులోపల బొటనవేలు తిప్పి మిగిలిన తెల్లసొన తీస్తుంది. నూనె సీసా అయిపోతే రెండ్రోజులు గిన్నెలో బోర్లిస్తుంది. బుధ, శుక్రవారాల ఉపవాసాలు దేవుడు పెట్టినవి. సోమవారం కూడా కలిపింది సఫ్తా.

దోబ్రా ఒక ముక్కలో సగం తిని, చెంచా పళ్లేనికి అడ్డంగా పెట్టింది.

"చాలా?"

"చాల్లే వదినా."

సఫ్తా ఆ మిగిలిన ఒకటిన్నర ముక్కా తీసి రేపటి ముక్కల పక్కన చేర్చి గుడ్డ కప్పింది. కప్పుతూ మనసులో కాస్త తృప్తిపడింది. ముప్పై ఏళ్లుగా ఒక కప్పు కింద బతుకుతున్న ఆ ఇద్దరికీ పెద్ద తగువు ఏదైనా ఉందంటే అది దోబ్రా ఆకలే. జామ్ గరిటె నాకడం, రొట్టె వేడిగా ఉండగానే కొస విరుచుకోవడం, అక్రోట్ పప్పులు గుప్పిట్లో దాచుకుని దొడ్లోకి పోవడం - పెళ్లిచేసుకోని ఆడది అన్నయ్య ఇంట్లో ఉండిపోయి చేసే చిల్లర పనులన్నీ చేసింది. అలాంటిది ఈ ఈస్టర్ తర్వాత నోరు కట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే.

"ఇప్పటికన్నా వచ్చిందే నీకు ఇంటి బుద్ధి" అంది సఫ్తా, వేసవి నుంచీ అంటున్న మాటే.

దోబ్రా నవ్వింది. చిన్నపిల్లలకు మల్లే ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అక్టోబరు ఇంకా అంత చల్లగా లేదు, అయినా ఒకదాని మీద ఒకటి మూడు ఉన్ని చొక్కాలు తొడుక్కుని ఉంది.

గోడవారన పెద్ద చెక్కపెట్టె. అందులో ముప్పై తెల్ల పింగాణీ గిన్నెలు, ఒక్కొక్కటీ పాత పత్రిక కాగితంలో చుట్టి ఉన్నాయి. ముప్పై చెంచాలు. ముప్పై తువ్వాళ్లు, అంచున ఎర్ర అల్లికతో. తువ్వాళ్లు నేసింది దోబ్రా. దాచింది సఫ్తా. మొగుడు ఇలారీ పోయిన తొమ్మిదేళ్లుగా సఫ్తా వంటింట్లో మిగిలిన ప్రతి గుడ్డూ, ప్రతి గరిటెడు నూనే, అమ్ముడుపోయి ఆ పెట్టెలోకే చేరాయి. ఇంట్లో ఇద్దరూ తినేది మాత్రం అంచులు లేచిన రేకు పళ్లాల్లో.

ఈ శనివారం సఫ్తా పొమానా. బతికుండగానే తన ప్రాణానికి తాను పెట్టుకునే విందు. చచ్చాక పిల్లలు పెడతారు కొందరికి. సఫ్తా కడుపు పండలేదు. ఆమె వెనక ఎవరున్నారు పెట్టడానికి? తన చేత్తో ఇక్కడ ఇచ్చిన గిన్నె అక్కడ తన బల్లమీద ఉంటుంది. ఇచ్చిన కూడే అక్కడ కూడు. ఇవ్వనిది అక్కడ ఉండదు. మా పెద్దల శనివారం నాడు, ఊరంతా పోయినవాళ్లకు పెట్టే రోజున, పెట్టుకుంటే ఇంకా మంచిది.

దోబ్రా వెనకా ఎవరూ లేరు. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

"వదినా" అంది దోబ్రా, బల్లమీద రవ్వలు వేలితో అద్దుతూ. "శనివారం చర్చి అయ్యగారు పేరు చదువుతారు కదా."

"ఊఁ."

"నీ పేరు పక్కన నా పేరు కూడా చదవమంటే ఆయన నోరేం నొప్పెట్టదుగా?"

సఫ్తా పళ్లెం తుడవడం ఆపలేదు. "పేరుకేం? ఊరందరి పేర్లూ చదవచ్చు. గిన్నెలు ముప్పైయే. ఒకరి బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ సగం కడుపే."

"సగం నాకలవాటేగా."

"నీది నువ్వు కూడబెట్టుకోవాల్సింది. తొమ్మిదేళ్లు నోరు కట్టుకున్నాన్నేను."

"ఒక్క నోరేనా వదినా కట్టింది?" అంది దోబ్రా. నవ్వుతూనే అంది. గొంతులో ఎక్కడా కోపం లేదు, అందుకే సఫ్తాకు చుర్రుమంది.

"మాటలకేం తక్కువ లేదు. పో, క్యాబేజీ పీపా చూడు. శనివారానికి ఆకులు కావాలి."

దోబ్రా లేచి వెళ్లింది. ఉప్పునీళ్లలో ఊరే క్యాబేజీల మీద ఏటి రాయి బరువు పెడతాం మేం. ఏటా ఆ రాయి ఎత్తేది దోబ్రాయే, సఫ్తా నడుం దానికి పనికిరాదు. కాసేపటికి నేలమాళిగలోంచి రాయి జారిన చప్పుడొచ్చింది. తర్వాత ఇంకో చప్పుడు, దానికంటే మెత్తనిది.

సఫ్తా మెట్లు దిగేసరికి దోబ్రా పీపా పక్కన నీళ్లలో పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. "రాయికేం కాలేదు వదినా" అంది. సఫ్తా ఆమె తడిసిన చొక్కాలు ఒకటొకటిగా ఊడదీసింది. మూడోది తీశాక ఆగిపోయింది. దోబ్రా జబ్బను తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుట్టేయొచ్చు. ఇద్దరూ పడుకునేది ఒకే గదిలో. ఒకే పొయ్యి ముందు రోజంతా కూర్చునేది. ఎప్పుడు చూసింది తను ఈ చేతిని?

*

బుధవారం పొద్దున పక్కింటి గెర్గీనా మొగుడు తన పాత కారులో ఇద్దర్నీ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా దోబ్రా కిటికీలోంచి చూస్తూనే ఉంది. జియు ఏటి వంతెన దాటుతుంటే, "ఏరు తగ్గింది" అంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. గొట్టం వేసి చూశారు, ఫోటోలు తీశారు. మధ్యాహ్నానికి సఫ్తాను గదిలోకి పిలిచారు.

"ఈవిడ తినడం ఎప్పుడు మానేశారు?"

"మానలేదు డాక్టరమ్మా, తగ్గించింది" అంది సఫ్తా. చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉంది. "ఈస్టర్ నించి. ముందు ఎంత పెట్టినా చాలేది కాదు. చెప్పగా చెప్పగా దారికొచ్చింది."

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "సగానికి సగం చిక్కిపోయారు. మీరు చూళ్లేదా?"

"మా ఇంట్లో లావెక్కడానికి ఏముందమ్మా?"

ఆ పిల్ల చాలాసేపు సఫ్తా వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. కడుపు మొదట్లో గడ్డ. దారి మూసుకుపోతోంది. కోయడానికి వేళ దాటిపోయింది. వారాలు, మహా అయితే రెండు నెలలు.

"ఆకలి చచ్చిపోయిందా దానికి?" అనడిగింది సఫ్తా.

"లేదు. అదే కష్టం. ఆకలి ఉంటుంది, దిగదు. ఇంటికి తీసుకెళ్లండి. నొప్పికి మందులిస్తాను. ఏది ఇష్టమైతే అది పెట్టండి, దిగినంత."

బయట బల్లమీద దోబ్రా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సఫ్తా పక్కన కూర్చుంది. నర్సులు అటూ ఇటూ పోతున్నారు.

"చెప్పిందా నీకు?" అంది దోబ్రా.

"చెప్పింది."

"నాక్కూడా చెప్పింది. వదినకు చెప్పొద్దమ్మా, కంగారుపడుతుందని బతిమాలాను. మాట నిలబెట్టుకోలేదు చూడు, చదువుకున్న పిల్ల. పద, బుధవారం సంత ఉంది, గెర్గీనా మొగుడు సంతలో దిగిపోతే మళ్లీ నడవాలి."

ఇంటికొచ్చాక సఫ్తా ఆమెను పొయ్యి పక్క మంచం మీద పడుకోబెట్టింది. "ఏం తింటావే?" అనడిగింది. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆమె నోటినుంచి ఎవరూ వినలేదు. ఏదుంటే అది తినే ఇల్లది.

దోబ్రా పైకప్పు వంక చూసి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పెద్ద బజారులో నిలబడ్డ మనిషిలా. "కోడి చారు" అంది. "జిడ్డు తీయకుండా."

సఫ్తా దొడ్లోకి నడిచింది. శనివారానికని నాలుగు పెట్టల్ని వేరుగా పెట్టి మేపుతోంది. వాటిలో బాగా కండపట్టిన పెట్టను పట్టి రెక్కలు కలిపి మొద్దుమీద పెట్టింది.

"సఫ్తక్కా!" కంచె అవతల గెర్గీనా నోరు తెరుచుకుని నిలబడింది. "ఇవాళ బుధవారం! మతిపోయిందా నీకు? సోమవారం కూడా పచ్చిమంచినీళ్లతో గడిపే మనిషివి!"

"బుధవారం దేవుడిది, సోమవారం నాది. రెండూ ఆయనతో నేను తేల్చుకుంటా. నువ్వెళ్లు." గొడ్డలి దించింది.

కోడిని మామూలుగా సఫ్తా మూడుసార్లు వండుతుంది. మొదటి నీళ్లు చారుకు, మాంసం రెండో రోజు బంగాళాదుంపల్లోకి, ఎముకలు మూడో రోజు బియ్యంలోకి. చారు మీద తేలే పసుపు జిడ్డు గరిటెతో తేర్చి జాడీకి ఎత్తుతుంది. ఆ సాయంత్రం పెట్టనంతా ఒకే కుండలో వేసింది. క్యారెట్ పొట్టు తీసి పారేసింది. ఉల్లిపాయ నిండుది వేసింది. జిడ్డు చుక్కలు చుక్కలుగా తేలుతుంటే గరిటె పట్టుకుని ముట్టకుండా నిలబడింది. ఆ నిలబడటం ఆమెకు కష్టమే అయింది. చేయి తనంతట తాను కుండ వైపు పోతుంటే వెనక్కి తీసుకుంది.

పెట్టె మూత ఎత్తి, ఒక కాగితం విప్పి, తెల్ల గిన్నె తీసింది.

"అది నీ గిన్నె వదినా" అంది దోబ్రా.

"గిన్నెకు పేరుండదు. తాగు."

"ఒకటి తగ్గితే అక్కడ నీ బల్లమీద..."

"అక్కడి మాట అక్కడ. నోరు తెరు."

మొదటి చెంచా దోబ్రా నోట్లోనే పెట్టుకుని కళ్లు మూసుకుంది. గొంతు కదిలింది. రెండో చెంచా. "ఎంత బాగుందో" అంది. ఆమె మొహం నిజంగానే వెలిగింది. మూడో చెంచా తీసుకున్నాక చేయి అడ్డంపెట్టి, తల తిప్పేసుకుంది. సఫ్తా తువ్వాలు అందించేలోపల మూడూ బయటికొచ్చేశాయి.

అన్నీ తుడిచాక సఫ్తా గిన్నె తీసుకుని లేచింది. అలవాటుగా దాన్ని కుండలోకి వంచి, అంచు బొటనవేలితో తుడవబోయింది. బొటనవేలు అంచుమీదే ఆగిపోయింది.

"చెప్పొచ్చుగా" అంది, తిరక్కుండానే. "ఎండాకాలంలోనే చెప్పొచ్చుగా, దిగడం లేదని! నోరు పడిపోయిందా?"

"చెప్పాలనే కూర్చున్నా ఓ రోజు."

"మరి?"

"నువ్వు అప్పుడే కంచె దగ్గరికెళ్లి గెర్గీనాతో అన్నావు. 'మా దోబ్రా ఇప్పుడు నాకంటే పొదుపు' అని. నేను బావి దగ్గరే ఉన్నా, విన్నా." దోబ్రా దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది. "నా గురించి నువ్వు బయటివాళ్ల దగ్గర మంచిగా చెప్పడం అదే మొదటిసారి వదినా. కడుపులో నొప్పని చెప్తే అది పొదుపు కాకుండా పోతుంది కదా. మళ్లీ తిండిపోతునైపోతా. కొన్నాళ్లు ఉండనీలే అనుకున్నా."

సఫ్తా గిన్నె కింద పెట్టింది.

*

గురువారం ఆ వంటింట్లో అన్ని మూతలూ లేచాయి. సఫ్తా కొవ్వులో మూడు గుడ్లు వేయించింది. దోబ్రా వాసన చూసి, ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని, నలిపి, ఉమ్మేసింది. పాలమీగడలో తేనె కలిపింది, చెంచాడు దిగి నిలిచింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఒకరినొకరు చూసుకున్నారు. పావుగంటకు అదీ బయటికొచ్చింది. ప్లమ్ జామ్. వేయించిన బంగాళాదుంప. అక్రోట్ పప్పు నూరి పాలలో. దోబ్రా ఏదీ కాదనలేదు. ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని రుచి చూసి, "ఉప్పు సరిగ్గా పడింది" అనో, "ఇది మీ అమ్మ చేసినట్టుంది" అనో ఒక మాట అని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకునేది.

మిగిలినవన్నీ పంది తొట్టిలోకి పోయాయి. గుడ్లు, మీగడ, తేనె. దోబ్రా కిటికీ దగ్గరికి కుర్చీ జరిపించుకుని చూసింది.

"దాని మొహం చూడు వదినా. క్రిస్మస్‌కి కోసే రోజు ముందే వచ్చేసిందని బెంగపడుతోంది."

సఫ్తాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడవైపు తిరిగి ఏప్రాన్ మొహానికి అడ్డంపెట్టుకుంది. దోబ్రా చూడనట్టే పందితో మాట్లాడుతూ ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కునుకు తీసి లేచిన దోబ్రా, "ఆకలేస్తోంది" అంది. చాలా మామూలుగా, ఎండ కాస్తోంది అన్నట్టు. "కలలో తింటున్నా. బల్లమీద అన్నీ ఉన్నాయి. ఎవరిదో తెలీదు, తింటున్నా." తర్వాత అడిగింది: "అక్కడ ఆకలేస్తుందంటావా వదినా? పేరున ఏమీ పెట్టుకోనివాళ్లకి?"

శుక్రవారం పొద్దున్నే సఫ్తా చర్చికి వెళ్లింది. అయ్యగారు కొవ్వొత్తుల మైనం గీరి డబ్బాలో వేస్తున్నాడు, మళ్లీ కరిగించడానికి. సఫ్తాకు ఎప్పుడూ నచ్చే మనిషి.

"అయ్యగారూ, రేపటి పొమానాలో పేరు మార్చాలి."

"ఎవరి పేరు?"

"నా పేరు తీసేసి దోబ్రాది పెట్టండి."

"తీసేయడమెందుకు? పక్కన రాస్తాను. రెండూ చదువుతాను."

"వద్దు. ఒకరి బల్ల దగ్గర ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ సగమే. దానికి నిండా ఉండాలి."

అయ్యగారు గీరడం ఆపాడు. "నీ వయసెంత సఫ్తా?"

"అరవై ఎనిమిది."

"మళ్లీ తొమ్మిదేళ్లు పోగుచేస్తావా?"

"చేతనైతే చేస్తా. లేకపోతే లేదు."

ఆయన కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఒక పేరు రాశాడు. సఫ్తాకు చదువు రాదు. ఏ గీత తన పేరు మీద పడిందో మాత్రం చూసింది.

సాయంత్రానికి ఊరి ఆడవాళ్లు సాయానికొచ్చారు. రొట్టెలు పొయ్యిలోకి పోయాయి, గోధుమలు ఉడికాయి. బల్ల చుట్టూ కూర్చుని ఊరిన క్యాబేజీ ఆకుల్లో మాంసం, బియ్యం చుడుతున్నారు. మూలన మంచం మీద దోబ్రా గోడకానుకుని చూస్తోంది. గెర్గీనా సఫ్తా చేతివైపు చూసి మోచేత్తో పక్కామెను పొడిచింది.

"అక్కా, అది చుట్టా, దిండా? ఆకు చిరిగేట్టుంది. బియ్యం ఏదీ?"

"మాంసం ఎక్కువ పడింది."

"సఫ్తక్క ఇంట్లో మాంసం ఎక్కువ పడిందంట, వినండర్రా!" అందరూ నవ్వారు. గెర్గీనా నోటికి తాళం ఉండదు, మనసులో మాత్రం కల్మషం లేదు. "సరే, నిండుగానే పెట్టు. ఇక్కడ తిన్నవాడి నోట్లో పడ్డదే అక్కడ ఆ ప్రాణం నోట్లో పడేది. మా అత్తకి మా తోడికోడలు చారు పల్చగా పోసింది. ముసల్ది కల్లోకొచ్చి చెంపమీద ఒకటిచ్చిందంట, పొద్దున లేచేసరికి వాపు!"

"పళ్లనొప్పి వాపే అది" అంది దోబ్రా మూలనుంచి. మళ్లీ నవ్వులు.

ఆడవాళ్లు వెళ్లేటప్పుడు గెర్గీనా వాకిట్లో సఫ్తా చేయి పట్టుకుని ఆపింది. ఇప్పుడు నవ్వడం లేదు. "అయ్యగారి భార్య చెప్పింది. నిజమేనా? పేరు మార్చావంట."

"ఊఁ."

"మరి నువ్వో? అక్కడ అరచేతిలో తింటావా?"

"తింటా."

"నీళ్లు?"

"దోసిట్లో తాగుతా. వదిలెయ్యవే గెర్గీనా, పొయ్యిలో రొట్టె ఉంది."

లోపలికొచ్చాక దోబ్రాకు చెప్పింది. పొయ్యివైపు తిరిగి, రొట్టె అడుగు వేలితో తట్టి చూస్తూ చెప్పింది, అదేదో చిన్న సంగతైనట్టు.

"గిన్నెలు నీవి కదా" అంది దోబ్రా.

"తువ్వాళ్లు నీవి."

"నిన్న నే చెప్పిన కల విని..."

"కలా లేదు, గిలా లేదు. రేపు లేచి కూర్చోగలవా? నీ చేత్తో నువ్వే ఇవ్వాలి. నే ఇస్తే నీకు చేరదు."

"కూర్చుంటా" అంది దోబ్రా. "దిండ్లు పెట్టు, కూర్చుంటా."

*

శనివారం ఎండ కాసింది. వాకిట్లో పొడవాటి బల్లలు వేశారు. దోబ్రాను కుర్చీలో వెనకొకటి, చెరో పక్కా ఒకటి దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. మంచి నల్లగుడ్డ తలకు కట్టుకుంది. చొక్కాలు ఆ రోజు నాలుగు.

అయ్యగారు సాంబ్రాణి వేసి, కాగితం విప్పి, దోబ్రా పేరు చదివాడు. ఒకే పేరు. సఫ్తా పేరు కోసం ఆగి ఎదురుచూసిన కొందరు తలలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరు ముసలమ్మలు శిలువ గుర్తు వేసుకున్నారు.

ఆ తర్వాత ఇవ్వడం. గెర్గీనా గిన్నెలో అంచు దాకా కోడి చారు, మాంసం ముక్కలు పోస్తుంది. సఫ్తా దానిమీద రొట్టె పెట్టి, రొట్టెలో కొవ్వొత్తి గుచ్చి వెలిగించి, తువ్వాలూ చెంచా చేర్చి దోబ్రా ఒళ్లో పెడుతుంది. దోబ్రా రెండు చేతులా ఎత్తాలి. మొదటి గిన్నెకే చేతులు వణికి చారు తొణికింది. సఫ్తా అడుగున చేయి పెట్టబోయింది.

"చెయ్యి తియ్యి" అంది దోబ్రా గుసగుసగా. "సగం నీ బల్లమీదకి పోతుంది."

సఫ్తా చేయి తీసేసింది.

"తీసుకోండి, నా పేరున" అనేది దోబ్రా.

"అక్కడ నీకందుగాక" అని పుచ్చుకునేవారు.

అట్లా ఒకటి, రెండు, పది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. నొసట చెమట పట్టింది. ఎవరైనా, "ఇక చాలు, మిగిలినవి సఫ్తా ఇస్తుంది" అంటే తల అడ్డంగా ఊపేది. గిన్నెలు పుచ్చుకున్నవాళ్లు బల్లల దగ్గర కూర్చుని తింటున్నారు. చారు వేడిగా ఉంది, కొవ్వు చుక్కలు మెరుస్తున్నాయి. చలిపొద్దున ఆ వాసన వాకిలంతా పరుచుకుంది. దోబ్రా ఒక్కొక్కరి చెంచా గిన్నెలోంచి నోటికి పోవడం చూస్తోంది. మాంసం కొరికేవాళ్లను, రొట్టె ముంచేవాళ్లను, ఎవర్నీ వదలకుండా.

కాళ్లవాపుతో ఒక ముసలాయన రాలేదు. చివరికి ఒక గిన్నె మిగిలింది. సఫ్తా దాన్ని లోపలికి తీసుకెళ్లబోయింది.

"అది నింపు" అంది దోబ్రా.

"ఎవరికి?"

"నీకు."

"నేను ఇంటిదాన్ని. ఇంటివాళ్లు పుచ్చుకోరు."

"ఇవాళ ఇల్లు నాది" అంది దోబ్రా. "పిలిచింది నేను. గెర్గీనా, నువ్వు పొయ్యవే. నిండా."

గెర్గీనా పోసింది. రొట్టె, కొవ్వొత్తి, తువ్వాలు. దోబ్రా గిన్నె ఎత్తింది. ఈసారి చేతులు వణకలేదు, లేక సఫ్తాకే కనబడలేదో. "తీసుకో వదినా, నా పేరున."

సఫ్తా పుచ్చుకుంది. అనాల్సిన మాట ఉంది. పెదాలు కదిలాయి గాని సగం మాటే బయటికొచ్చింది. "అందుగాక" అంది.

బల్ల చివర ఖాళీ చూసి కూర్చుంది. చెంచాతో అంచునుంచి చారు తీసుకుని తాగింది. రెండు చెంచాలు. మూడోదానికి కోడితొడ ముక్క తగిలితే తీసి రొట్టె పక్కన పెట్టింది. పెడుతున్నట్టు ఆమెకే తెలీదు. అరవై ఏళ్లుగా ఆమె చేయి అదే పని చేస్తోంది, మంచి ముక్కను రేపటికి జరపడం.

"వదినా."

దోబ్రా దిండ్ల మీద నుంచి ముందుకు వంగి ఆమె గిన్నెనే చూస్తోంది.

"పక్కన పెట్టకు."

సఫ్తా ఆ ముక్క వైపు చూసింది. తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ముక్క ఎటూ పోవడం లేదు. ఉమ్మేయాలనిపించింది. తల ఎత్తితే దోబ్రా కళ్లు. ఆ కళ్లలో దయా లేదు, నిష్ఠూరమూ లేదు. ఉత్త ఆకలి. ఎంత కాలంగానో ఈ ఇంట్లోనే, తన ఎదుటే, తన పొయ్యి పక్కనే కూర్చున్న ఆకలి. సఫ్తా మింగింది.

"కానీ" అంది దోబ్రా. "అంతా తిను. నాకు ఆకలేస్తోంది."

సఫ్తా తింది. కన్నీళ్లు ముక్కు పక్కనుంచి జారి చారులో పడుతున్నా తుడుచుకోలేదు, చెంచా కింద పెట్టాల్సి వస్తుందని. మాంసం తింది, చర్మం తింది, క్యాబేజీ చుట్టలు రెండు తింది, రొట్టె ముంచి తింది. ఏళ్లుగా ఇంత ఎరగని కడుపు నొప్పెట్టడం మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్లు తమ చెంచాలు ఆపి చూస్తున్నారు. అవతల కుర్చీలో దోబ్రా ఖాళీ నోటితో, సఫ్తా దవడ ఎట్లా కదిలితే తన దవడా అట్లా కదుపుతోంది. సఫ్తా మింగినప్పుడు ఆమె గొంతూ మింగుతోంది.

గిన్నె అడుగు తెల్లగా కనబడింది. గెర్గీనా తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుని, ఖాళీ గిన్నె తీసుకుందామని చేయి చాచింది. సఫ్తా గిన్నె వదల్లేదు. రెండు చేతులా ఎత్తి ముందుకు పట్టింది.

"ఇంకొంచెం పొయ్యి" అంది. "మాంసం వెయ్యి."